తాడు జారలేదు

ఆ రోజు లింగప్ప చేతిలో తాడు జారలేదు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు అబ్దుల్ గఫూర్, రెండోవారు ఆయన కూతురు షాహిస్తా. షాహిస్తా పెండ్లయి గుత్తికి వెళ్లిపోయింది కాబట్టి ఊళ్లో మిగిలింది గఫూర్ ఒక్కడే. నాలుగు నెలలుగా ఆ సంగతిని ఆయన కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు. తిన్నది ఒంటబట్టడం లేదు. నమాజుకు నిలబడితే ఒళ్లు నిలబడుతోంది గానీ మనసు నిలబడడం లేదు.

గఫూర్‌దీ లింగప్పదీ ఒకే పని. బోరులోంచి కాలిపోయిన మోటార్లు పైకెత్తడం, బాగుచేసినవి మళ్లీ దించడం. కణేకల్ దగ్గర కాలువ పారే ఊళ్లు కొన్ని ఉన్నాయి. వీళ్లది ఆ కాలువ ఎక్కని వైపు. అక్కడ పైరు బతికినా చచ్చినా బోరు మీదే. బోరు మీద మూడుకాళ్ల ఇనుప స్టాండు నిలబెట్టి, దాని నడినెత్తిన కప్పీ తగిలించి, తాడు వేస్తారు. బోరు మూతి దగ్గర గఫూర్ కూర్చుంటాడు. దూరంగా తాడు కొస పట్టుకుని లింగప్ప నిలబడతాడు. లింగప్ప బోరు వైపు చూడడు. గఫూర్ చేతినే చూస్తాడు. అరచెయ్యి కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఇద్దరూ జత కలిసిన ఇరవై రెండేళ్లలో ఆ చేతులు ఒక్క మోటారును కూడా బోరులో పడెయ్యలేదు. మోటారు జారి లోపల ఇరుక్కుందంటే మోటారూ పోతుంది, బోరూ పోతుంది, ఆ రైతు పని అయిపోయినట్టే. అందుకే తాడు పట్టేవాడికి పేరే ఆస్తి. లింగప్పకు మరో ఆస్తి లేదు కూడా.

అలాంటి చేతికి చెడ్డపేరు తెచ్చింది ఒక టర్కీ కోడి అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. గఫూర్‌కు మాత్రం రాదు.

షాహిస్తా పెండ్లయ్యాక అల్లుడి వాళ్లను శుక్రవారాల్లో పిలిచి పెట్టే జుమాగీ విందులు మొదలయ్యాయి. నాలుగు బాగానే జరిగాయి. అయిదోది ఆఖరుది, ఘనంగా పెట్టాల్సింది. నాలుగో విందులో అల్లుడు షఫీవుల్లా తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా నిలువునా కాగే నూనెలో ముంచి, బంగారు రంగు వచ్చాక బయటికి తీస్తున్నారు. అందరూ నోరు తెరుచుకుని చూశారు. అల్లుడి తండ్రి మాత్రం ఫోను తిరిగి ఇచ్చేస్తూ, ఇలాంటివి చూడ్డానికే గానీ మనలాంటోళ్ల ఇండ్లలో అయ్యేవి కావులే అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు పాపం. గఫూర్‌కు మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఏడెనిమిది వందల అడుగుల లోతుకు మోటార్లు దించేవాణ్ణి, రెండడుగుల నూనెలోకి కోడిని దించలేనా అని ఆ క్షణమే పంతం పట్టాడు.

పంతం పట్టాడే గానీ పని మొరటుగా చెయ్యలేదు. అది ఒప్పుకోవాలి. కణేకల్‌లో టర్కీ కోళ్లు పెంచే యేసన్న దగ్గర ఒక పుంజును తెచ్చాడు. అంత లావు కోడికి ఇంట్లో గిన్నె ఎక్కడిది? పాత నీళ్ల పథకానికి వాడి పారేసిన పెద్ద ఇనుప గొట్టాన్ని రెండడుగులకు కోయించి, అడుగున రేకు వెల్డింగ్ చేయించి, లోపల తుప్పు పోయేదాకా రుద్ది కడిగించాడు. పందిరి కింద వద్దని, ఇంటి వెనక బయల్లో పెట్టాడు. గడ్డివాముకు దూరంగా జరిపాడు. పెండ్లి వంటల పెద్ద గ్యాసు పొయ్యి తెచ్చి, పొడవాటి పైపు వేసి, సిలిండరును అల్లంత దూరాన ఉంచాడు. అక్కడ గాలి ఊరుకునే రకం కాదు కాబట్టి ఒక పక్క జింకు రేకులు నిలబెట్టాడు. కోడిని మసాలా పట్టించాక లోపలా బయటా గుడ్డతో అద్ది, ఫ్యాను కింద వేలాడదీసి చెమ్మ లేకుండా ఆరబెట్టాడు. నూనె మంట మీద నీళ్లు చల్లితే ఇల్లే అంటుకుంటుందని చెప్పి, చుట్టుపక్కల ఒక్క బిందె కూడా లేకుండా తీయించాడు. నీళ్లు పడని బోరు తవ్వినప్పుడు వచ్చిన రాతిపొడి పెరట్లో కుప్పగా ఉంటే, రెండు గంపల నిండా ఎత్తి పక్కన పెట్టాడు. కోడిని చేత్తో దించే పనే లేదు. మోటార్ల స్టాండు, కప్పీ, తాడు ఉన్నాయి. తాడు కొసకు లింగప్ప ఉన్నాడు. ఇంత జాగ్రత్త పడినవాడు ఒక్క చోట మూర్ఖుడయ్యాడు.

నూనె పోసేటప్పుడు షాహిస్తా ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది. లింగప్ప అప్పటికింకా రాలేదు.

"కోడిని ముందు ఉత్త గొట్టంలో పెట్టి, మునిగేదాకా నీళ్లు పొయ్యాలంట నాయనా. కోడిని తీసినాక నీళ్లు యాడికుంటే ఆడికే నూనె పొయ్యాలంట. లేకుంటే పొంగుతాదంట."

ఆరబెట్టిన కోడిని మళ్లీ తడుపుతారా ఎవరైనా అని గఫూర్ కసిరాడు. నూనె చాలకపోతే పైనంతా పచ్చిగా ఉండిపోతుంది, అల్లుడి వాళ్ల ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి అన్నాడు. కూతురు ఇంకోసారి చెప్పబోయింది. ముప్పై ఏండ్ల నుంచి నేను చేస్తాండే పని నాకు నేర్పుతావా అని ఆమె నోరు మూయించి, గొట్టం అంచుకు నాలుగు వేళ్లు తక్కువగా నూనె నింపాడు.

ఆ కాలువ ఎక్కని ఊళ్లలో బతికినవాడు తప్ప మరొకడు ఈ పొరపాటు చెయ్యడు. మోటారు దించితే నీళ్లు పైకి లేస్తాయని గఫూర్‌కు తెలియక కాదు. కానీ అక్కడి బోర్లలో నీళ్లు పాతాళంలో ఉంటాయి. ఎంత పెద్ద మోటారు దించినా ఆ నీళ్లు పొంగి బయటికి వచ్చిన పాపాన పోలేదు. ఆయన బతుకంతా ఒకటే భయం, లోపల చాలినంత ఉందో లేదో అని. ఎక్కువై పొర్లుతుందేమో అనే భయం ఆయనకు ఎన్నడూ అలవాటు కాలేదు.

అల్లుడి వాళ్లు వచ్చి పందిట్లో కూర్చున్నారు. నూనె కాగింది. కాగిన నూనె ఇంకో రెండు వేళ్లు పైకి లేచింది. గఫూర్ అది చూశాడు. చూసి కూడా, పరవాలేదులే అనుకున్నాడు. కోడిని దించేటప్పుడు పొయ్యి ఆర్పాలని వీడియోలో చెప్పారు. ఆ గాలిలో మళ్లీ వెలిగించడం కష్టమని మంట తగ్గించి ఊరుకున్నాడు. జింకు రేకుల అవతల లింగప్ప తాడు పట్టుకుని నిలబడ్డాడు. అతనికి గొట్టం కనబడదు. రేకు మీదుగా పైకెత్తిన గఫూర్ చెయ్యి మాత్రమే కనబడుతుంది. గఫూర్ అరచెయ్యి కిందికి ఊపాడు. లింగప్ప దించాడు. దించమన్నంతే దించాడు, బెత్తెడు కూడా ఎక్కువ కాదు.

కోడి సగం మునిగేసరికి నూనె నురగలు కక్కుతూ అంచు దాటింది. గొట్టం పొడుగునా జారి పొయ్యి మీద పడింది. భగ్గుమని మంట లేచింది. గఫూర్ వెనక్కి ఎగిరాడు. పిడికిలి బిగించాల్సిన చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి కనబడకపోయేసరికి లింగప్ప తాడును ఎక్కడిదక్కడ బిగబట్టాడు. మండే నూనె నేల మీద పారి రేకు కిందినుంచి అతని ఎడమ పాదం చుట్టుకుంది. అప్పుడు కూడా వదల్లేదు. వదిలితే కోడి ఒక్కసారిగా లోపల పడి నూనె గఫూర్ మీదికి చిమ్ముతుందని అతనికి తెలుసు. గఫూర్ పరుగెత్తి సిలిండరు కట్టేసి, దూరం వెళ్లానని కేక వేశాకనే తాడు విడిచాడు. కోడి దబ్బున పడింది. ఆ కేకకు పందిట్లో వాళ్లు తలలు తిప్పి చూసింది సరిగ్గా అప్పుడే. లింగప్ప చేతిలోంచి తాడు పోవడం, కోడి పడడం, మంట, ఇంతే వాళ్లు చూశారు.

రాతిపొడి చల్లి మంట ఆర్పారు. లింగప్ప నేల మీద కూలబడి మూలుగుతున్నాడు. అల్లుడి తండ్రి గఫూర్ పక్కకు వచ్చి, తాడు జారిందా అని అడిగాడు.

గఫూర్ తల ఊపాడు. ఊపి ఊరుకున్నా బాగుండేది.

"అవునప్పా, జారింది," అన్నాడు.

వంటింటి వాకిట్లో షాహిస్తా నిలబడి ఉంది. ఆ మాట విని తండ్రిని చూసింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. వియ్యంకుడి ముందు కూతురు చెప్పిన మాట వినలేదని ఒప్పుకోవడానికి నామోషీ. అంతే, దానికి మించిన కారణమేదీ లేదు. గఫూర్ తర్వాత ఎన్నోసార్లు వెతుక్కున్నాడు, ఇంకేదైనా మంచి కారణం దొరుకుతుందేమోనని. దొరకలేదు.

అనంతపురం ఆస్పత్రిలో లింగప్ప పద్దెనిమిది రోజులున్నాడు. గఫూర్ పక్కనే ఉన్నాడు. మందులు తెచ్చాడు, ఒళ్లు తుడిచాడు, కట్టు మార్చేటప్పుడు భుజం పట్టుకున్నాడు. భార్య జుబేదాబీ రోజూ వండి పంపింది, లింగప్ప ఇంటికి వచ్చాక కూడా మానలేదు. సొంత అన్నదమ్ములు కూడా ఇట్ల చూసుకోరని లింగప్ప భార్య సిద్దమ్మ వార్డులో అందరికీ చెప్పేది. ఆమె అలా చెప్పినప్పుడల్లా గఫూర్ లేచి బయటికి వెళ్లిపోయేవాడు. మంచివాడు కాబట్టి పొగిడితే సిగ్గుపడుతున్నాడు అనుకుందామె.

ఒకరోజు లింగప్ప ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, కోడి నూనెలోకి దిగినప్పుడు తాడు తేలికైంది. ఆ తేలికలో నా చెయ్యి యామారినట్టుండాది. నీ అల్లుని ముందర నీ పరువు తీస్తి. మనసులో పెట్టుకోవద్దు."

నీళ్లలోనైనా నూనెలోనైనా ఏ బరువు దిగినా తాడు తేలికవుతుంది. ఇరవై రెండేళ్లుగా ప్రతి మోటారుకూ ఆ తేలిక లింగప్ప చేతికి తెలుసు. అందరూ జారిందంటే జారిందేమో అని, తెలిసిన తేలికనే తప్పుగా మార్చుకున్నాడు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ గఫూర్ ఏమన్నాడంటే, "పోనీలే లింగప్పా, నువ్వు కావాలని చేసింటివా." చెయ్యని తప్పుకు క్షమాపణ చెప్పించుకుని, పైగా పెద్ద మనసు చేసుకుని క్షమించాడు. అంతకంటే నీచమైన పని తన బతుకులో లేదని గఫూర్‌కు ఆ పూటే తెలిసింది. తెలిసీ ఇంటికి వచ్చి పడుకున్నాడు.

ఎండలు ముదిరాయి. బోర్లు అడుగంటి, మోటార్లను ఇంకా లోతుకు దించుకోవాలని రైతులు తొందర పడే రోజులు. ఏడాదిలో వీళ్లకు పని ఎక్కువగా ఉండేది అప్పుడే. లింగప్ప కుంటుకుంటూనే పనికి వచ్చాడు. చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉన్న దివాకర్ అతన్ని చూసి, గఫూర్‌ను పక్కకు పిలిచాడు. లింగప్ప మీద తనకు కోపం లేదని, అయితే ఏడొందల అడుగుల బోరు మీద తాడు మాత్రం అతని చేతికి ఇవ్వనని చెప్పాడు. అయిదు కిలోల కోడినే ఆపలేనివాడు మోటారును ఆపుతాడా అన్నాడు. అది లింగప్పకు వినబడింది. అతను పోట్లాడి ఉంటే గఫూర్‌కు కొంచెం తేలికయ్యేదేమో. దివాకర్ చెప్పింది నిజమే, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు అని చెప్పి లింగప్ప ఇంటిదారి పట్టాడు. తర్వాత ఎవరూ అతన్ని పిలవలేదు. గఫూర్ కణేకల్ నుంచి ఇద్దరు కూలీలను తెచ్చుకుని పని నడిపించాడు. వాళ్లకు చేతి సైగలు నేర్పుతున్నంత సేపూ ఆయనకు ఒళ్లంతా కంపరంగా ఉండేది.

వైశాఖం దాటేసరికి సిద్దమ్మ జుబేదాబీ దగ్గరికి వచ్చి, ఆదివారం బెంగళూరుకు పోతున్నామని చెప్పింది. కట్టే బిల్డింగు దగ్గర కావలి పని ఎవరో చూపించారట. అక్కడే రేకుల షెడ్డులో ఉండొచ్చట. జుబేదాబీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గఫూర్ పెరట్లో నిలబడి అంతా విన్నాడు. ఇరవై రెండేళ్లు తన చెయ్యిని మాత్రమే చూస్తూ పని చేసినవాడు, తన నోటి మాట వల్ల ఊరు విడిచి పోతున్నాడు.

ఆ మర్నాడే షాహిస్తా ఫోను చేసింది. క్షేమాలు అడగలేదు.

"లింగప్ప మామ బెంగళూరుకు పోతాండాడంట. చెప్పినావా నాయనా?"

చెప్తాలేమ్మా అన్నాడు గఫూర్. నాలుగు నెలలుగా కూతురికి ఆయన చెబుతున్న జవాబు అదే.

"నీ బదులు నేను చెప్పను నాయనా. చెప్పాల్సింది నువ్వు. కానీ మామ బస్సెక్కినాక నువ్వు నాకు ఫోను చెయ్యాకు. నీతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

శనివారం పొద్దున దివాకర్ తోటలో పని. చీనీ చెట్లు ఆకు ముడుచుకుని ఉన్నాయి. మోటారు కాలి మూడు రోజులైంది, నీళ్లు లేక కాయ రాలిపోతోంది. స్టాండు నిలబెట్టారు. చుట్టూ పదిమంది రైతులు చేరారు. కణేకల్ కూలీలు తాడు పట్టుకుని సైగ కోసం చూస్తున్నారు. గఫూర్ చెయ్యి ఎత్తాడు. చెయ్యి పైకి లేచింది గానీ, ఊపబుద్ధి కాలేదు. కిందికి దించేసి లేచి నిలబడ్డాడు.

"దివాకరా, ఆ పొద్దు లింగప్ప తాడు జారలే," అన్నాడు. "నూనె నేనే ఎక్కువ పోస్తి. నా కూతురు వద్దని చెప్పినా వినలే. పొంగి మంట లేచింది. కాలు కాలతాంటే కూడా వాడు తాడు వదల్లే, నామీద నూనె పడతాదని. జారిందని చెప్పింది నేను. అబద్ధం."

కణేకల్ కూలీ ఒకడు తాడును స్టాండు కాలికి చుట్టి పక్కకు జరిగాడు. దివాకర్ గఫూర్‌ను ఎగాదిగా చూసి, ఇన్ని దినాలు ఏం చేస్తాంటివప్పా అని అడిగాడు. లింగప్పను తాడు ముట్టుకోనివ్వనన్నది తనే అని దివాకర్‌కు గుర్తొచ్చినట్టుంది, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత చీనీ చెట్ల వైపు ఒకసారి చూసి, ఇంకొక రోజు ఆగితే చెట్లేం చావవులే, ముందు పోయి ఆ మాట వానికి చెప్పు అన్నాడు.

గఫూర్ నడిచే వెళ్లాడు. బండి ఉన్నా ఎక్కబుద్ధి కాలేదు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. లింగప్ప ఇల్లు కనబడేసరికి అన్నీ మరిచిపోయాడు.

వాకిట్లో రెండు గోనె మూటలు కట్టి ఉన్నాయి. సిద్దమ్మ మూడోదానికి మూతి కుడుతోంది. లింగప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాన్పుకు వచ్చిన కూతురు హేమలత లోపల బిడ్డను జోకొడుతోంది. గఫూర్‌ను చూసి సిద్దమ్మ నవ్వు ముఖంతో లేవబోయింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టి, నిలబడే చెప్పాడు. కూతురు చదివి వినిపించిన మాట చెప్పాడు, నాలుగు వేళ్ల నూనె సంగతి చెప్పాడు, వియ్యంకుడు అడిగినప్పుడు తానిచ్చిన జవాబు చెప్పాడు. ఆస్పత్రిలో నువ్వు నన్ను క్షమించమంటే నేను క్షమించినట్టు నటించాను అని కూడా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. తగ్గిస్తే మళ్లీ చెప్పే ధైర్యం రాదని ఆయనకు తెలుసు.

సిద్దమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. నీ ఇంటి అన్నం నాలుగు నెలలు తింటిమి కదప్పా అని మాత్రం అంది. ఆ మాట ఆమె తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే గఫూర్ తట్టుకునేవాడు.

లింగప్ప తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"అట్లయితే నా చెయ్యి జారలేదా?"

"జారలే లింగప్పా. ఎప్పుడూ జారలే."

"కాలు కాలినందుకు నిన్ను ఏమీ అడగను. అది కాలాల్సి ఉన్నింది, కాలింది." లోపల బిడ్డ ఉన్న వైపు తల తిప్పాడు. "బిడ్డ పుట్టి మూడు నెల్లాయ గఫూరన్నా. నా మొదటి మనవరాలు. ఒక్కదినం ఎత్తుకోలే. హేమ ఇయ్యవస్తే కాలు నొస్తాందని చెప్తాంటి. యాడ జారవిడుస్తానో అని భయం."

సిద్దమ్మ భర్త వైపు తిరిగి చూసింది. ఆమెకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. కుడుతున్న మూట వదిలేసి లోపలికి వెళ్లింది. వెంటనే హేమలత బిడ్డను తీసుకుని బయటికి వచ్చింది. లింగప్ప రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. తుడుచుకుని మళ్లీ తుడుచుకున్నాడు. బిడ్డను అందుకునేటప్పుడు అతని చేతులు వణికాయి గానీ, అందుకున్నాక వణకలేదు. బిడ్డ నిద్రలోనే తల అతని మోచేతి మీదికి వాల్చింది. అతను దాని ముఖంలోకి వంగి చూస్తూ, ఎవరూ లేనట్టే ఏడ్చాడు.

గఫూర్ వాకిట్లో ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు. ఆ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఆయన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.